ఈశాన్యంలో కుట్టుమిషను

మాస్టారి సంతాపసభకి బయల్దేరేముందే మా బావగారికి చెప్పాను. అక్కడికొచ్చేవాళ్ళంతా హేతువాదులు, మనం వెనక వరసలో కూర్చుని నాలుగు మాటలు విని, దండలూ దణ్ణాలూ లేకుండా వచ్చేద్దాం అని. ఆయన బుద్ధిగా తలూపారు. తీరా అక్కడ మైకు చూసేసరికి కాళ్ళు నిలవలేదు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఎరువుల ఏజెన్సీ నడుపుతూ కృష్ణా జిల్లా ఊళ్ళన్నీ తిరిగి రైతులకి ఉపన్యాసాలిచ్చిన మనిషి. మైకు కనబడితే ఎదురుగా ఎవరున్నారో ఆయనకి కనబడదు.

"ఈశాన్యం విలువేంటో నాకు తెలియజెప్పిన మహానుభావుడండీ ఆయన" అన్నారు మైకు రెండు చేతులా పట్టుకుని. "సిద్ధాంతులు నోటితో చెప్తారు. ఈయన టీవీలో చూపించాడు!"

వేదిక మీద ఉన్న ఫొటోకి దండ లేదు, ముందు దీపం లేదు. ఆయన కోరుకున్నట్టే శరీరాన్ని మెడికల్ కాలేజీకి అప్పగించేశారు. అంత జాగ్రత్తగా బతికి, అంత జాగ్రత్తగా పోయిన మనిషిని మా బావగారు ఒక్క మాటతో వాస్తు పండితుణ్ణి చేసి పారేశారు. అధ్యక్షుడు గ్లాసు తీసి మంచినీళ్ళు తాగాడు. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. ఆయనే బతికుంటే ఆ మైకు లాక్కుని మా బావగారికి ఎంత గడ్డి పెట్టేవాడో తల్చుకుంటే రెండూ ఆగలేదు.

ఆయన టీవీ మెకానిక్కు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జీ పక్క సందులో, మేడమీద షాపు. ఆ ఇరుకు మెట్లమీంచి టీవీని పైకి మోసుకొచ్చినవాడే దాన్ని బాగుచేయించుకోడానికి అర్హుడని ఆయన లెక్క. పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్నూ టెస్టరూ పక్కపక్కనే ఉండేవి. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా ఊరంతా మాస్టారనేది, ఎందుకంటే ఎదురుపడ్డ ప్రతివాడికీ ఆయన పాఠం చెప్పేవాడు. సోల్డరింగు ఐరను వేడెక్కేలోగా దేవుడు లేడని ఒక్కసారైనా రుజువు చేసేవాడు. మా అత్తగారు మంచంలో ఉండి కూడా ఆయనొస్తే చెవుల్లో దూది పెట్టుకునేవారు.

రోగం ఏదో తేల్చకుండా టీవీ వెనక తలుపు విప్పేవాడు కాదు. అదొక నియమం. ఇంటికి రాగానే ముందు కిటికీలు మూయించేవాడు. తర్వాత ఫ్యాను ఆపించేవాడు. కర్టెను ఊగితే తెరమీద వెలుతురు మారుతుందట. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపమని అడిగిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒక కన్ను మూసి, బొమ్మనలా చూస్తూ కూర్చునేవాడు. ఆ తర్వాత విచారణ.

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"నిన్నట్నించేనండీ."

"అబద్ధం. ఈ రంగు ఇంతలా పోవాలంటే నెలలు పట్టుద్ది. మీరు నిన్న చూశారు, అంతే. స్టెబిలైజరు తీసేసి ఎన్నాళ్ళైంది?"

ఇంటిల్లిపాదీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. టీవీ అబద్ధం చెప్పదు, టీవీ ఉన్నవాళ్ళే చెబుతారు అనేవాడు. బొమ్మ విషయంలో తాను మాత్రం జన్మలో ఒక్క అబద్ధం ఆడలేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు. అది నిజమే. పక్కషాపుల వాళ్ళు తీగ ఊడిపోతే పార్టు పోయిందని చెబుతుంటే, ఈయన తీగ అతికించి, "ఏమీ పోలేదు, మీ బుర్ర తప్ప" అని పంపేసేవాడు. అందుకే షాపు ఎప్పుడూ ఆ మేడమీదే ఉండిపోయింది.

దసరాకి ఆయుధపూజ చేసి టీవీలకి బొట్లు పెడతారు కదా, ఆ మర్నాడు ఆయన ఎవరింటికొచ్చినా యుద్ధమే. "మనిషికి బొట్టు పెడితే అందమమ్మా, తెరకి పెడితే శుక్లం" అంటూ దూదితో తుడిచేవాడు. ప్రసాదం పెడితే మాత్రం వద్దనేవాడు కాదు. లడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "శనగపిండి, పంచదార, నెయ్యి. మంచి వస్తువులే" అని సర్టిఫికెట్ ఇచ్చి తినేవాడు. కళ్ళకద్దుకోమంటే మటుకు లేచి చెప్పులేసుకునేవాడు.

ఇలాంటి మనిషి వాస్తులో ఎలా ఇరుక్కున్నాడో చెప్పాలంటే మా బావగారి టీవీ గురించి చెప్పాలి.

కేబులు తీగలు ఊరంతా అల్లుకుంటున్న రోజులు. మాస్టారి షాపు పక్కనున్న ఆ లాడ్జీయే మూతపడుతూ సామాను అమ్మేస్తుంటే, అందులోంచి మా బావగారు ఒక ప్రొజెక్షన్ టీవీ పట్టుకొచ్చారు. టీవీ అంటే టీవీ కాదది, బీరువా. కింద చక్రాలు. పొట్టలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ట్యూబులు, వాటికెదురుగా ఒక అద్దం. మూడు ట్యూబులూ మూడు బొమ్మలు వేస్తే, అవి అద్దంలో పడి, లోపల్నించి తెరమీద పడతాయి. మూడూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చుంటేనే మనిషి మనిషిలా ఉంటాడు. కాస్త జరిగినా రంగులు జారిన చౌకరకం క్యాలెండర్ అయిపోతుంది. మాస్టారే వచ్చి, తన పెట్టెలోంచి గళ్ళ బొమ్మ వేసే చిన్న మిషను తగిలించి, ఎర్రగీతనీ నీలిగీతనీ ఆకుపచ్చ గీతమీద కూర్చోబెట్టి వెళ్ళాడు. ఆదివారం క్రికెట్టుకి పటమటలో మా వీధి మొత్తం మా బావగారి హాల్లోనే ఉండేది. ఆయన తలుపు దగ్గర నిలబడి, పెళ్ళివారిని ఆహ్వానించినట్టు అందర్నీ పేరుపేరునా లోపలికి పిలిచేవారు.

అప్పుడు ఊళ్ళో వాస్తు జోరుమీదుంది. మంచి మంచి ఇళ్ళకి గోడలు కొట్టేసి కొత్త గుమ్మాలు పెడుతున్నారు. ఆ ఏడాది ఎరువుల వ్యాపారం నీరసించింది. అంతే, సిద్ధాంతిగారొచ్చారు.

"ఉత్తరం కుబేరస్థానమండీ. ఆ గోడకి ఇంత కొండని ఆనించి కూర్చోబెట్టారు. ఇక డబ్బెలా లోపలికొస్తుంది? బరువంతా నైరుతికి పోవాలి" అన్నారాయన.

మర్నాడే నలుగురు హమాలీలొచ్చి టీవీని ఉత్తరం గోడ దగ్గర్నించి తీసి, నైరుతి మూల పడమర గోడకి ఆనించి, తూర్పు చూసేలా పెట్టారు. సాయంత్రం స్విచ్చేస్తే వార్తలు చదివే అమ్మాయికి ఎడమచెంప ఎర్రగా, కుడిచెంప నీలంగా, మధ్యలో ముక్కు ఎటూ కాకుండా వచ్చింది.

సిద్ధాంతిగారిని మళ్ళీ పిలిచారు. ఆయన కంగారుపడలేదు. "పెట్టినచోటు సరైందే. సరైన చోట పెట్టినా కుదురుకోలేదంటే ఎదురుమూల దోషముందన్నమాట. నైరుతికి ఎదురేముంది? ఈశాన్యం. అక్కడేముంది? గది" అన్నారు.

ఆ గదిలో ఉండేది మిషనత్తయ్య.

మా మావగారి చెల్లెలు. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికొచ్చేశారు. అప్పుడు వాళ్ళ నాన్నగారు గేటు పక్కన ఈశాన్యం మూల ఒక గది వేయించి, వీధిలోకి ఒక తలుపు పెట్టించి, ఒక కుట్టుమిషను కొనిచ్చారట. నల్లటి, బరువైన, కాలితో తొక్కే మిషను. ఆ వీధిలో ఆవిడ కుట్టిన జాకెట్టు తొడుక్కోని ఆడమనిషి లేదు. మంగళగిరి నేత చీరకి ఏ గుడ్డ జాకెట్టు నప్పుతుందో ఆవిడ చెప్పాకే కొనుక్కునేవాళ్ళు. ఎవరితోనైనా మాటా మాటా వస్తే లోపలివైపు తలుపు గడియ పెట్టేసుకుని మిషను తొక్కుతూ కూర్చునేవారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వీధి తలుపులోంచే.

ఆ గది పడగొడతామని బావగారు ఆవిడకి చాలా మర్యాదగా చెప్పారు. "ఇంట్లో ఎక్కడైనా ఉండత్తా. హాల్లో మూలకి మంచం వేయిస్తా. ఈ వయసులో ఇంకా కుట్టాల్సిన ఖర్మేంటి నీకు?"

ఆవిడ చేతిలో ఉన్న జాకెట్టుకి హుక్కులు కుట్టడం పూర్తిచేశారు. బుధవారం తాపీమేస్త్రి వస్తాడని ఖాయమైంది. ఆ సాయంత్రమే నేను గవర్నర్‌పేట షాపుకి ఫోను చేసి, గది పడగొట్టబోతున్న సంగతి చెప్పాను.

మాస్టారొచ్చేసరికి సిద్ధాంతిగారు ముహూర్తం పెడుతూ హాల్లోనే కూర్చున్నారు. మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరు కూడా రిపేరుకే వచ్చారా?" అన్నాడు. కిటికీలు మూయించాడు. ఫ్యాను ఆపించాడు. సిద్ధాంతిగారి విభూతి చెమటకి కారిపోతుంటే చూసి తృప్తిగా బాసింపట్టు వేసుకున్నాడు. ఒక కన్ను మూశాడు.

"మోసేటప్పుడు కుదిపేశారు. లోపల లెన్సు వదులైంది. అంతే" అన్నాడు.

"ఈశాన్యం..." అన్నారు బావగారు.

ఆ మాటతో ఆయనకి కోపం నషాళానికంటింది. "ఏ శాన్యమూ లేదు. దిక్కుకీ బొమ్మకీ సంబంధం ఏంటండీ? మీ కళ్ళముందే దీన్ని నాలుగు దిక్కులకీ తిప్పిస్తా. ఎటు తిప్పినా ఈ దరిద్రం ఇలాగే ఉంటుంది. ఉంటే ఆ గది జోలికి పోనని మాటివ్వండి."

"మారితే?"

"మారితే మీ ఇష్టం. పడగొట్టుకోండి."

మిషనత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ గదిని పందెం కాసే హక్కు ఆయనకి ఎవరిచ్చారని అడగాలనిపించింది. కానీ ఆయన ధీమా చూస్తే ఎవరికైనా నమ్మకం కుదిరేది.

గళ్ళ బొమ్మ పెట్టారు. ఇద్దరు పట్టుకుని టీవీని మెల్లగా చక్రాలమీద తిప్పడం మొదలుపెట్టారు. తూర్పు చూస్తున్నది దక్షిణానికి తిరుగుతుంటే, మా అందరి కళ్ళముందూ, ఎర్రగీత నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. నీలిగీత అటునించి వచ్చింది. పూర్తిగా దక్షిణానికి తిరిగేసరికి రెండూ వెళ్ళి ఆకుపచ్చ గీతమీద బుద్ధిగా కూర్చున్నాయి. గళ్ళన్నీ తెల్లగా మెరిశాయి.

"మళ్ళీ తిప్పండి" అన్నాడు మాస్టారు. మళ్ళీ తూర్పుకి. మళ్ళీ గీతలు విడిపోయాయి. మళ్ళీ దక్షిణానికి. మళ్ళీ కలిశాయి.

ఆ జాతి టీవీ ఊళ్ళో అదొక్కటే. లాడ్జీలోనూ అది దక్షిణమే చూసేది, మా ఇంట్లోనూ మొదట దక్షిణమే చూసింది. దిక్కు మార్చి చూసే అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. ఆ క్షణాన లోపల తీగ ఏదో లాగుతోందనో, చక్రం ఎత్తుపల్లాలనో అంటే సరిపోయేది, కాదనే తెలివి అక్కడెవరికీ లేదు. ఆయన అనలేదు. తల వంచుకుని, నోట్లోంచి ఒక్కొక్క మాటే పీకినట్టు చెప్పాడు.

"దిక్కు వల్లే. భూమి ఒక పెద్ద అయస్కాంతం. ట్యూబులో కిరణాన్ని అది లాగుతుంది. టీవీని తిప్పితే ఒక్కో ట్యూబునీ ఒక్కోలా లాగుతుంది. నాకు తట్టలేదు."

సిద్ధాంతిగారు ఎగతాళి చెయ్యలేదు. అది ఇంకా ఘోరం. సంచీలోంచి తన దిక్సూచి తీసి ఎంతో ఆదరంగా ఆయన ముందు పెట్టారు. "మేమూ దీన్నిబట్టే చెబుతామండీ. మీరు అయస్కాంతం అంటారు, మేం దిక్కు అంటాం. మనం మనం ఒకటే."

"అది దిక్కు చూపించి ఊరుకుంటుందండీ. గది పడగొట్టమనదు."

"మాటంటే మాటే కదా మాస్టారూ" అన్నారు బావగారు. "మారితే మా ఇష్టం అన్నారు."

"ముందు నా పని చెయ్యనివ్వండి" అని గొణిగాడు దేవుణ్ణి కూడా నిలదీసే మనిషి. టీవీని మళ్ళీ నైరుతిలో పెట్టించి, వెనక తలుపు తీసి, తూర్పు చూస్తుండగానే గీతలన్నీ మళ్ళీ మొదట్నించీ కలపడం మొదలెట్టాడు. ఆ మధ్యాహ్నమంతా పట్టింది. సిద్ధాంతిగారు సోఫాలోనే కునుకు తీశారు.

మధ్యలో మిషనత్తయ్య మజ్జిగ తెచ్చిచ్చారు. ఆయన గ్లాసు అందుకుని, మొహం చూడకుండానే అడిగాడు.

"ఆ గదిలో ఉండేది మీరేనాండీ?"

"నేనేనండీ. బుధవారం దాకా."

"ఇంట్లో చోటు లేదా?"

"చోటుకేం లోటండీ, ఇంత ఇల్లు. తలుపే ఉండదు."

ఆయన మజ్జిగ తాగడం ఆపేశాడు. సగం గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ టీవీలో తల దూర్చాడు. ఆయన మాట్లాడకుండా పనిచెయ్యడం నేను చూసింది ఆ ఒక్క పూటే.

పొద్దు వాలేసరికి బొమ్మ కుదిరింది. వార్తల అమ్మాయికి రెండు చెంపలూ ఒకే రంగుకొచ్చాయి. బావగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఇక ఆ గది కూడా తీసేశామంటే శాశ్వతంగా నిలబడిపోద్ది" అన్నారు.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ సిద్ధాంతిగారి వైపు తిరిగాడు. "ఆ దిక్సూచి ఒకసారి ఇస్తారా?"

అది పట్టుకుని తిన్నగా వాకిట్లోకి నడిచాడు. వెనకే మేమంతా. మిషనత్తయ్య గదిలోకెళ్ళి, దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని, నల్లమిషను పక్కకి చెయ్యి చాపాడు. ముల్లు ఉత్తరం వదిలేసి, గిర్రున తిరిగి మిషను వైపు చూసింది. సిద్ధాంతిగారు "ఆఁ" అన్నారు.

"చూశారుగా? ఇదంతా ఇనుము" అన్నాడు మాస్టారు. అక్కడిదాకా నిజమే. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నేను బొమ్మ కలిపింది ఈ ఇనుముని కూడా లెక్కలో పెట్టుకునే. ఈ మూల, ఈ మిషను, ఇక్కడే ఉండాలి. ఇది కదిలిందా, బొమ్మ కదుల్తుంది. ఆపైన నన్ను పిలవొద్దు."

నేను డిగ్రీలో ఫిజిక్సు చదువుకున్నాను. గేటు పక్కనున్న కుట్టుమిషను హాల్లో మూలనున్న టీవీని ఏమీ చెయ్యలేదని చెప్పడానికి ఆ చదువు సరిపోతుంది. నోరు తెరవబోయి ఆయన మొహం చూశాను. చెవులు ఎర్రబడిపోయి ఉన్నాయి. బొమ్మ గురించి జన్మలో మొదటి అబద్ధం ఆడుతున్న మనిషి మొహం అది. నోరు మూసుకున్నాను.

బావగారు సిద్ధాంతిగారి వైపు చూశారు. మధ్యాహ్నం తనని ఒప్పుకున్న మనిషి మీద సిద్ధాంతిగారికి అప్పటికే అభిమానం పుట్టేసింది. "ఉండొచ్చు. ఈశాన్యంలో ఒక ఆడకూతురు ఉపాధి చేసుకుంటోందంటే అది లక్ష్మీప్రదమే. లోహదోషానికి చిన్న శాంతి చేయిస్తే సరి" అన్నారు. మేస్త్రి బుధవారం వచ్చి, మా పెరటి గట్టుకి సిమెంటు పూసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మొదలయ్యాయి మాస్టారి కష్టాలు. ఈశాన్యంలో కుట్టుమిషను పెడితే టీవీలో బొమ్మ నిలుస్తుందన్న కబురు వీధులు దాటింది. ప్రొజెక్షన్ టీవీ అక్కర్లేదు, మామూలు టీవీలున్న వాళ్ళు కూడా ఈశాన్యాన పాత మిషన్లు, పెనాలు, ఒకాయనైతే ట్రాక్టరు నాగలి పెట్టుకున్నారు. గవర్నర్‌పేట మెట్లెక్కి, "మాదీ కాస్త దిక్కు చూసి చెప్పండి మాస్టారూ" అని జనం రాసాగారు. వాళ్ళని తిట్టి కిందకి దింపేవాడు. తిట్టేకొద్దీ గురి పెరిగింది. ఆయన భూమి అయస్కాంతత్వం గురించి తమ హేతువాద సంఘం పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. వాస్తుకి సైన్సు మద్దతుందనడానికి సాక్ష్యంగా దాన్ని సిద్ధాంతిగారు జిరాక్సులు తీయించి పంచారు. ఆ సంఘంలో మిత్రులు ఆయన్ని సంజాయిషీ అడిగారని విన్నాను. ఏం చెప్పాడో తెలీదు. ఆ గది సంగతి మాత్రం చెప్పి ఉండడు. చెబితే మా బావగారి చెవిన పడేది.

దానికి మించిన చిక్కు ఇంకోటుంది. గది నిలవాలంటే టీవీ నిలవాలి. అది మూలపడిందంటే మిషను ఎందుకు, గది ఎందుకు అన్న ప్రశ్న మళ్ళీ వస్తుంది. అందుకని ఆయన ఆ బీరువాని బతికించడానికి నానా గడ్డీ కరిచాడు. ఎండాకాలం రాగానే ట్యూబుల్ని చల్లబరిచేందుకు ముందుండే నీళ్ళలాంటి మందులో బూజు పట్టి బొమ్మ మసకేసేది. విప్పి, కడిగి, మళ్ళీ నింపేవాడు. దొరకని పార్టులకోసం మద్రాసు వెళ్ళొచ్చేవాడు. "ఇంత దరిద్రపు సెట్టుని ఎవడైనా ఇన్నేళ్ళు వాడతాడా?" అని మా బావగారిని తిట్టేవాడు. "అయితే తీసేద్దామా మాస్టారూ?" అంటే ఉలిక్కిపడి, "ఇంకా ఎంతో కాలం ఉంటుంది, దీనికేం!" అనేవాడు.

వచ్చినప్పుడల్లా ఒకటే వరస. కిటికీలు, ఫ్యాను, బాసింపట్టు. పని అయిపోయాక వాకిట్లోకెళ్ళి, మిషనత్తయ్య గది గుమ్మం బయట నిలబడి అడిగేవాడు.

"మిషను కదపలేదుగా?"

"లేదండీ."

"మంచిది."

చెప్పులేసుకుని మోపెడ్ ఎక్కేవాడు. నాకు ఆవిడ మీద జాలేసేది. పాపం, ఆ అబద్ధాన్ని నిజమని నమ్మి, ఊడ్చేటప్పుడు కూడా మిషను కాళ్ళచుట్టూ చీపురు తిప్పుకుంటూ బతుకుతోందే అనుకునేదాన్ని. చెబుదామని చాలాసార్లు అనిపించింది. చెబితే ఆవిడకున్న ధైర్యం పోతుందేమోనని ఊరుకున్నాను.

చివరికి గోడకి తగిలించే పల్చటి టీవీలొచ్చాయి. బావగారు ఆగలేకపోయారు. బిగించడానికి మాస్టారినే పిలిచారు. అప్పటికి ఆయన బాగా చిక్కిపోయాడు, షాపు మెట్లెక్కలేక కింద ఎవరి కొట్లోనో కూర్చుంటున్నాడు. కొత్త టీవీని చూసి, "ఇందులో ట్యూబుల్లేవు" అన్నాడు విచారంగా. దాన్ని ఎటు తిప్పినా భూమి ఏమీ చెయ్యదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"దీనిక్కూడా ఆ మిషను కావాలంటారా మాస్టారూ?" అన్నారు బావగారు.

"దీనికైతే ఇంకా కావాలి" అన్నాడాయన. ఈసారి గొంతు సవరించుకోలేదు. చెవులూ ఎర్రబడలేదు.

సంతాపసభ నించి ఇంటికొచ్చేసరికి బావగారి మనసు బరువుగా ఉంది. తన మాటలకి చప్పట్లెందుకు కొట్టలేదో ఆయనకి అర్థం కాలేదు. గేటు తీస్తూనే, "మిషను జాగ్రత్తత్తా. ఇక చూసేవాళ్ళు కూడా లేరు" అని గది వైపు కేకేసి లోపలికెళ్ళిపోయారు.

నేను ఆ గదిలోకెళ్ళి కూర్చున్నాను. మిషనత్తయ్య గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీస్తున్నారు. సభలో బావగారి నిర్వాకమంతా చెప్పాను. ఆవిడ నవ్వారు. ఇక దాచి లాభం లేదనిపించి, మాస్టారు ఆ రోజు చెప్పింది అబద్ధమని, మిషనుకీ టీవీకీ ఏ సంబంధమూ లేదని మెల్లగా చెప్పేశాను.

"తెలుసు" అన్నారావిడ గుడ్డమీంచి తలెత్తకుండా.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటే? ఆ వారమే చూశాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు టీవీ పెట్టి, పనమ్మాయిని దానిముందు కూర్చోబెట్టి, నేనూ పాలావిడా కలిసి మిషనుని వీధిలోకి జరిపేశాం. బొమ్మ ఉన్నట్టే ఉందని అరిచింది అది. మళ్ళీ లోపలికి జరిపేసరికి నడుం పట్టేసింది."

"మరి ఆయనకి తెలీదా, మీకు తెలుసని?"

"తెలీకేం. మళ్ళీ వచ్చినప్పుడు నేనే చెప్పా. మిషను బయటికి జరిపి చూశానండీ, బొమ్మ చెక్కు చెదర్లేదండీ అని. తెల్లబోయాడు పాపం. అటూ ఇటూ చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశారా అన్నాడు. పెట్టేశానండీ అన్నా. అయితే కదపనట్టే, అన్నాడు."

ఆవిడ కత్తెర చేతిలోకి తీసుకున్నారు, కానీ కత్తిరించలేదు.

"అప్పట్నించీ వచ్చినప్పుడల్లా అడిగేవాడు. నేను లేదండీ అనేదాన్ని. ఇద్దరికీ నవ్వొచ్చేది. మీ బావ చూస్తుండేవాడని నవ్వేవాళ్ళం కాదు. ఆయన మోపెడ్ సందు తిరిగాక, ఈ మిషను తొక్కుతూ ఒక్కదాన్నీ నవ్వుకునేదాన్ని. అక్కడ ఆయనా నవ్వుకుంటుండేవాడనే అనుకుంటాను." కత్తెర కింద పెట్టేశారు. "ఇక అడిగేవాళ్ళు లేరు."

ఇన్నేళ్ళూ జాలిపడాల్సింది ఎవరిమీదో తెలిసి నా మీద నాకే నవ్వొచ్చింది. ఏం చెయ్యాలో తోచలేదు. లేచి బయటికొచ్చి, చెప్పులేసుకున్నాను. ఆయన నిలబడేచోటే, గుమ్మం అవతల నిలబడ్డాను.

"మిషను కదపలేదుగా?" అన్నాను.

ఆవిడ తలెత్తి చూశారు. కళ్ళనిండా నీళ్ళు.

"లేదండీ" అన్నారు.